హాజరు పట్టీ వరుసలో

మా ఊరు జమ్మలమడుగు నుంచి ముద్దనూరు పోయే దారిలో, రోడ్డు దిగి రెండు మైళ్లు లోపలికి ఉంటుంది. నా చిన్నప్పుడు ఊరు రెండు పార్టీలుగా చీలి ఉండేది. పై వీధిది ఒక పార్టీ, కింద వీధిది ఇంకో పార్టీ. బడి పై వీధిలో ఉండేది. పంచాయతీ ఎన్నికల గొడవలో కింద వీధి మనిషి ఒకాయన చనిపోయాక ఆ వీధి పిల్లలు బడికి రావడం మానేశారు. అప్పటి అయ్యవారు నెలకు నాలుగు రోజులు కనిపిస్తే గొప్ప. బడికి పోవడమంటే మాకు వరండాలో కాసేపు ఆడుకుని ఇంటికి రావడమే.

మాది గొర్రెలు మేపే కుటుంబం. ఎరువు కోసం మా మందను రెండు పార్టీల రైతులూ తమ చేలల్లో కట్టించుకునేవాళ్లు. అందుకని మమ్మల్ని ఏ వీధిలోనూ ఎవరూ అడ్డగించేవాళ్లు కాదు. నేను నాలుగో తరగతి అన్న మాటే గానీ నా పేరు రాయడం కూడా నాకు వచ్చేది కాదు.

ఆ రోజుల్లో ప్రొద్దుటూరు నుంచి కొత్త టీచరమ్మ వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో. జమ్మలమడుగులో బస్సు మారి, రోడ్డు మీద దిగి, ఆ రెండు మైళ్లూ నడిచి వచ్చేది. ఎన్నాళ్లొస్తుందిలే అనుకున్నారు ఊళ్లో. వాన పడి వంక పొర్లిన రోజు కూడా చెప్పులు చేతబట్టుకుని వచ్చింది. ఆ రోజు బడికి వెళ్లింది మేం ముగ్గురమే. ముగ్గురికీ సాయంత్రం దాకా పాఠం చెప్పింది. ఆ తర్వాత ఊళ్లో ఆ మాట ఎవరూ అనలేదు.

ఆమె ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించి చూసింది. ఆ తర్వాత తరగతులను పక్కన పెట్టి, అక్షరాలు రానివాళ్లను ఒకచోట, మాటలు చదవగలిగేవాళ్లను ఇంకోచోట, కథ చదవగలిగేవాళ్లను మరోచోట కూర్చోబెట్టింది. నన్ను ఒకటో తరగతి పిల్లల మధ్య కూర్చోమంటే ఏడుపొచ్చింది. పక్కకు చూస్తే పై వీధి పెద్దాయన మనవరాలు. ఐదో తరగతి. తను కూడా తల వంచుకుని అదే గుంపులో కూర్చుంది. మా స్నేహం ఆ సిగ్గులో మొదలైంది.

ఆ సాయంత్రం దారి చూపడానికి నన్ను వెంటబెట్టుకుని టీచరమ్మ పై వీధి పెద్దాయన ఇంటికి వెళ్లింది. మనవరాలి చేతికి తెలుగు వాచకం ఇచ్చి మొదటి పాఠం చదవమంది. ఆ పిల్ల గడగడా ఒప్పజెప్పింది. పెద్దాయన మీసం కింద నవ్వుకున్నాడు. టీచరమ్మ పుస్తకంలో ఇంకో పేజీ తిప్పి, "ఇప్పుడిది సదువు" అంది. ఆ పిల్ల మళ్లీ అదే పాఠం, అంతే వేగంగా చెప్పింది.

పెద్దాయనకు చదువు రాదు గానీ చెవులున్నాయి. నవ్వు పోయింది.

"ఐదో తరగతి గదమ్మా! ఏంది ఇది?"

"బడి యాడ జరిగిందప్పా ఈ మూడేండ్లు? ఒకనాడు మీరు మూయిస్తిరి, ఒకనాడు వాళ్లు మూయించిరి. చెవుల్తో ఇన్నది అప్పజెప్తాంది. సదవడం రాదు."

"ఇప్పుడేం జెయ్యమంటావు?"

"పొద్దన తొమ్మిది నించి సాయంత్రం నాలుగు దాకా బడి సందులో మీ మనుషులు కూర్చోగూడదు. కింద ఈది పిల్లోల్లు ఆ సందులోనే రావల్ల."

ఆయన మనవరాలి వైపు చూసి, "కానీలేమ్మా" అన్నాడు.

కింద వీధి పెద్దాయన అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "మా పిల్లోల్లకు ఏమన్నా అయితే ఎవురు జవాబు?" అన్నాడు.

"నేను జవాబు. పొద్దన నేనే వచ్చి పిల్చుకపోతా, సాయంత్రం నేనే ఇడ్సిపెడతా."

అన్నట్టే చేసింది. మొదటి రోజు ఐదుగురు వచ్చారు. నెల తిరిగేసరికి వరండా కూడా చాలలేదు. మా నాయన మందతో వలస పోతూ నన్నూ తీసుకుపోవాలనుకుంటే, మా ఇంటికొచ్చి కూర్చుంది. "ఇప్పుడిప్పుడే కూడబలుక్కుంటాంది మామా, ఈ ఆర్నెల్లు అవ్వ కాడ ఇడ్సిపో" అంది. గవర్నమెంటు టీచరు తనను మామా అన్నదని మా నాయన చానాళ్లు చెప్పుకున్నాడు. నన్ను వదిలే పోయాడు.

అసెంబ్లీ ఎన్నికల ఓట్లు లెక్కపెట్టే రోజు మధ్యాహ్నం ఊరి బయట నాటుబాంబు పేలింది. ఎవరికీ తగల్లేదని మాకు తర్వాత తెలిసింది. టీచరమ్మ తలుపు వేసి మమ్మల్ని గోడ పక్కన కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పించింది. మధ్యలో రెండుసార్లు లేచి తలుపు గడియ సరిచూసుకుంది. ఎక్కం మాత్రం ఆపలేదు.

కాసేపటికి రెండు వీధుల మగవాళ్లూ పిల్లల కోసం పరుగెత్తుకొచ్చారు. చేతుల్లో కట్టెలు, కొడవళ్లు. బడి ముందు ఎదురెదురుగా నిలబడ్డారు. ఆమె గడపలో నిలబడి, హాజరు పట్టీ తెరిచింది.

"చేతుల్లోవి ఆ గోడ కాడ పెట్టి రాండి. పేరు పిలుస్తా. పిలిచిన పిల్లోల్ల నాయన ఒగడే వచ్చి నిలబడల్ల."

ఎవరో కోపంగా ఏదో అన్నారు. ఆమె తల ఎత్తకుండా మొదటి పేరు పిలిచింది. తర్వాత రెండోది. కట్టెలూ కొడవళ్లూ ఒక్కొక్కటిగా గోడ పక్కకు చేరాయి. పట్టీలో మా పేర్లు ఎప్పుడో బడిలో చేరిన వరుసలో ఉన్నాయే తప్ప వీధుల వరుసలో లేవు. పై వీధి మనిషి వెనక కింద వీధి మనిషి, ఆయన వెనక మళ్లీ పై వీధి మనిషి. మూడేళ్లుగా ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్లు భుజాలు తగిలేంత దగ్గరగా నిలబడి, పిల్లల్ని చెయ్యి పట్టుకుని తీసుకుపోయారు. మా నాయన మంద దగ్గర ఉన్నాడు కాబట్టి నేను చివరిదాకా అక్కడే ఉండి చూశాను.

ఊరు ఆ రోజుతో కలిసిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. మూడు నెలలకే ఆమె ఫలానా పార్టీ మనిషని ఎవరో పైకి రాశారు. పులివెందుల అవతల ఊరికి బదిలీ అయింది. ఇద్దరు పెద్దాయనలూ వేర్వేరు జీపుల్లో జమ్మలమడుగు ఆఫీసుకు పోయి అడిగినా బదిలీ ఆగలేదు. ఆమె వెళ్లిన రోజు నేనూ పై వీధి పెద్దాయన మనవరాలూ రోడ్డు దాకా నడిచి బస్సెక్కించాం. దారిలో మైలురాయి మీది ఊరి పేరు ఇద్దరం పైకి చదివాం.

తర్వాత వచ్చిన సారు పాత పద్ధతిలోనే వారానికి రెండు రోజులు వచ్చేవాడు. కానీ ఈసారి ఆడవాళ్లు ఊరుకోలేదు. రెండు వీధుల అమ్మలూ రోడ్డు మీద బస్సు దిగేచోట నిలబడ్డారు. "నిన్న ఏల రాలేదు సార్?" అని అడిగారు. బడి ఎలా నడవాలో వాళ్లు ఒకసారి చూసేశారు. నాలుగు రోజులు అలా నిలబడ్డాక సారు రోజూ రావడం మొదలుపెట్టాడు.

నేను టీచరునై వేంపల్లె దగ్గర ఒక ఊళ్లో చేరాను. ట్రైనింగుల్లో మంచి బడి ఎలా ఉండాలో మాకు చాలా చెప్పారు. అన్నీ రాసుకున్నాను గానీ, నా కళ్ల ముందు మాత్రం ఆమే మెదిలేది.

ఒకసారి ప్రొద్దుటూరు బస్టాండులో ఆమె కనిపించింది. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి, టీచరునయ్యానని విని, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ వెంటనే గోడ గడియారం వైపు చూసి, "ఈ పొద్దు మంగళారం గదమ్మా, బడి లేదా?" అంది.

చీర కొనుక్కోవడానికి సెలవు పెట్టి వచ్చానని ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.