ఏడో బెడ్ గంట

ఆవిడ అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఆ ఆసుపత్రిలో ఎక్కడా కనిపించదు. అందరికీ ఆవిడ పరుగు సిస్టర్. ఇరవై ఏళ్ళుగా ఐసీయూలో ఏ మానిటర్ మోగినా కాళ్ళకు చక్రాలు కట్టుకున్నట్టు ముందు చేరేది ఆవిడే. అలాంటి మనిషి మేట్రన్ గది ముందు నిలబడి, తలుపు తట్టడానికి చెయ్యి రాక, చేతిలోని దరఖాస్తును చెమటతో తడిపేస్తోంది. అందులో ఉన్నవి రెండే ముక్కలు: మోకాళ్ళ నొప్పులు, కంటి విభాగానికి బదిలీ. మొదటిది పచ్చి అబద్ధం.

నిజం ఏడో బెడ్ దగ్గర ఉంది. నెల క్రితం అక్కడ రిటైరైన పోస్ట్‌మాన్ ఒకాయన ఉండేవాడు. ఆయన పిలిస్తే పక్క మంచానికి కూడా వినపడదు. అందుకని ఒక కిటుకు కనిపెట్టాడు. వేలికున్న క్లిప్పు పీకితే మానిటర్ మోగుతుంది, మోగితే సిస్టర్ వస్తుంది. దిండు సర్దమనడానికి పీకేవాడు, టైమెంతయిందో అడగడానికీ పీకేవాడు.

"తాతగారూ, మీరిలా పీకుతుంటే నా ప్రాణం పోతోంది."

"పోదులేమ్మా. పోతే ఇంత స్పీడుగా ఎలా వస్తావు?"

క్లిప్పు ఊడితే ఒక మోత, ఊపిరి తగ్గితే ఇంకో మోత. కొత్త పిల్లలకు ఆ తేడా నేర్పేది ఆవిడే. ఆ మధ్యాహ్నం డ్యూటీ మారే వేళ, ఆవిడ ఓ కొత్త నర్సుకు కాగితాలు అప్పజెబుతుండగా ఏడో బెడ్ మోగింది. అన్ని బెడ్ల మోతలూ చేరే నర్సుల బల్ల మీది తెరకు ఒక మీట ఉంది, నొక్కితే రెండు నిమిషాలు మోత ఆగుతుంది. "తాతగారి ఆటలు" అంటూ తల తిప్పకుండా నొక్కింది. మళ్ళీ మోగింది, మళ్ళీ నొక్కింది. మూడోసారి విసుక్కుంటూ వెళ్ళింది. క్లిప్పు వేలికే ఉంది.

డాక్టర్లు గంటసేపు పెనుగులాడారు, లాభం లేకపోయింది. ముసలి గుండె, ఎప్పుడైనా ఆగేదే అన్నారు. నాలుగు నిమిషాల సంగతి ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. పెద్దాయన కూతురు వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. "నాన్న ఎప్పుడూ మీ మాటే చెప్పేవారక్కా. మీరు పరిగెత్తుకొస్తారని ఆయనకి ఎంత ధైర్యమో." సిస్టర్ తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది.

అప్పటినుంచి ఆ మోత ఆవిడను వదల్లేదు. లిఫ్టులో మోగింది, స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు కింద మోగింది. వ్యాను నడిపే మొగుడు సందులోకి బండి వెనక్కి తీస్తుంటే, ఆ రివర్స్ కూతకు చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తింది.

"పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఎదురొచ్చావు. ఏంటి విశేషం?" అని నవ్వాడాయన.

చివరికి తలుపు తట్టింది. మేట్రన్ దరఖాస్తు సగం చదివి సంతకం పెట్టేసింది.

"అంత పరిగెత్తితే మోకాళ్ళు అరగకుండా ఉంటాయా? వెళ్ళు. కానీ నీలాంటి చెవి నాకు మళ్ళీ దొరకదమ్మా."

కంటి విభాగంలో మానిటర్లు లేవు. చుక్కలు వేయించుకున్నవాళ్ళు కళ్ళు మూసుకుని వరసగా కూర్చుంటారు, గదంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఏడో బెడ్ మరీ స్పష్టంగా మోగేది. పైగా అక్కడ ఏ మీటా లేకపోయినా ఆవిడ బొటనవేలు బల్లను నొక్కుతూ ఉండేది.

నాలుగో రోజు పాత లాకరు తాళం ఇవ్వడానికి ఐసీయూకు వెళ్ళింది. ఐదో బెడ్ మోగుతోంది. ఆ కొత్త నర్సు రాస్తున్న కాగితం మీంచి తల ఎత్తకుండా మీట నొక్కి, "మామ్మగారి ఆటలు" అంది.

పరుగు సిస్టర్ పరిగెత్తింది. క్లిప్పు దుప్పటి మీద పడి ఉంది, ముసలావిడ నీళ్ళు అడిగింది. తాగించి, క్లిప్పు తగిలించింది. ఆ పిల్లకు మోతల తేడా నేర్పింది తనే. మీట నొక్కడమూ తన దగ్గరే నేర్చుకుంది.

మేట్రన్ గది మూడంతస్తుల పైన. లిఫ్టు కోసం ఆగలేదు. ఈసారి తలుపు తట్టనూ లేదు.

"అలా రొప్పుతున్నావేంటి? మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కి వచ్చావా?" అంది మేట్రన్.

"నా మోకాళ్ళకేమీ కాలేదు మేడమ్. ఏడో బెడ్ తాతగారు రెండుసార్లు పిలిచారు. నేనే వెళ్ళలేదు."