పిక్కల బలం అనుకున్నాం

శ్రీరామనవమి కర్రసాముకి సాధన మొదలుపెట్టిన సాయంత్రం, మేముండే హిందీ ఊళ్ళో, భాలుబాసా అఖాడా అనే వ్యాయామశాలలో బైఠక్‌కి, అంటే గుంజీకి, కూర్చున్నవాణ్ణి లేవలేకపోయాను. మోకాళ్ళ మీద, ఆపైన తొడల మీద చేతులు ఆనించుకుంటూ ఎలాగో నిలబడ్డాను.

మా ఉస్తాద్ నవ్వాడు. "ఏటిరా, అప్పుడే ముసలోడివైపోనావా? ఆ పిక్కలు సూడు, పోతపోసినట్టున్నాయి! తొడలకే పని సాల్లేదు. బైఠక్‌లు పెంచు."

పెంచాను. అఖాడాలో మనిషి బలం పిక్కల్లోనే చూస్తాం. కొన్నాళ్ళకి మూత్రం నల్ల టీ రంగుకి తిరిగింది. మా ఆవిడ పార్వతి ఇక ఊరుకోలేదు, ఆసుపత్రికి లాక్కెళ్ళింది.

కండ దెబ్బతింటే రక్తంలో పెరిగే సీపీకే వేలల్లో ఉంది. కండల్లోకి సూది గుచ్చి చూసే ఈఎంజీ, ఆ తర్వాత జీన్ టెస్ట్. కండలు మెల్లగా క్షీణించే జబ్బు, బెకర్ మస్కులర్ డిస్ట్రోఫీ అని తేలింది. డాక్టర్ నా పిక్క నొక్కి చూసి, "యే తాకత్ నహీ హై, ఇది బలం కాదు. కండ పోయినచోట కొవ్వు చేరింది. బైఠక్ బంద్. పూర్తిగా నయంచేసే మందు లేదు" అన్నారు. గుండె పనితీరు చూసే ఎకో స్కాన్ కూడా రాశారు.

చదువు పదో తరగతితో ఆగినా నేను లైబ్రరీ మానలేదు. బొమ్మలతో సహా చదివాను. కండరాలు మూడు రకాలు: మన మాట వినే స్కెలిటల్, పేగుల్లో స్మూత్, గుండెలో కార్డియాక్. స్కెలిటల్ కండ, కార్ఖానాలో నేను క్రేన్‌కి తగిలించే, ఇనుప తీగలు పేనిన వైర్ రోప్ లాంటిదే. కండలో కట్టలు, కట్టలో ఫైబర్లు, ఫైబర్లో ఇంకా సన్నటి పోగులు. ముడుచుకున్నప్పుడల్లా ఫైబర్ పైపొర చిరక్కుండా కాసేది డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్. నాకు లోపం అందులోనే.

"గుండె కండ వేరే రకం. దానికి భయం లేదు" అని పార్వతికి బొమ్మ గీసి మరీ చెప్పాను.

"అయితే డాక్టరు ఎకో ఎందుకు రాసినాడేటి? ఆ బొమ్మ అట్టుకెళ్ళి ఆయనకి సూపిత్తారా?" అంది.

ఎకోలో గుండె పంపింగ్ తగ్గినట్టు తెలిసింది. "హార్ట్ భీ మజిల్ హై, గుండె కూడా కండే. డిస్ట్రోఫిన్ దానికీ కావాలి" అన్నారు డాక్టర్. ఇంటికొచ్చే దారంతా పార్వతి నా చెయ్యి పట్టుకునే నడిచింది. వెక్కిరించినా బాగుండేది.

మెట్లెక్కలేక ఇప్పుడు సిద్ధగోరాలో కింది వాటాలో ఉంటున్నాం. చేతికర్ర, గుండె మాత్రలు. రోప్ పని పోయి స్టోర్‌లో కూర్చుంటున్నాను. పడిపోవడం అలవాటైంది.

తొడలు నీరసించి పిక్కలు లావవుతుంటే కసరత్తు పెంచకండి, ముందు సీపీకే చేయించండి. గుండెలో ఏ బాధా లేకపోయినా ఎకో మానకండి. ఈ లోపం తండ్రి నుంచి కూతురికి చేరుతుందని, ఆమె నడక బాగున్నా గుండె చూపించుకోవాలని డాక్టర్ చెప్పారు. అది మా అమ్మాయికి చెప్పడానికి కాగితం తీసి మళ్ళీ బొమ్మ మొదలుపెట్టాను. వాళ్ళమ్మ అప్పటికే చెప్పేసినట్టుంది.

"డ్రాయింగ్ ఛోడో, పాపా" అంది అమ్మాయి, నా చేతిలో కాగితం పక్కన పెట్టేస్తూ. "మేరా ఎకో కబ్ హై, ఏ రోజు?"