మహానుభావుడి సినిమాల్లో నా వేషాలు

మావాడికి వీధిలో డైరెక్టరు గారని పేరు. నేను మాత్రం మహానుభావుడంటాను. ఫొటో స్టూడియో నడుపుకుంటూ, పాస్‌పోర్టు ఫొటోలకి వచ్చినవాళ్ళ గడ్డాలు ఎత్తి దించి, ఆ సంపాదనతో సినిమాలు తీసిన ఘనుడు. ఎదుటివాళ్ళ చెవులు రెండూ కనబడకపోతే ఫొటో తీయడు. తన సంగతి మాత్రం చెవి కొస కూడా బయటపడనివ్వడు.

మాది ప్రేమ. దాపరికమెందుకు, మగవాళ్ళిద్దరి ప్రేమ. స్టూడియో ఎదురుగా ఉన్న నా కళ్ళద్దాల షాపుకి చూపు పరీక్షకని వచ్చాడు. కళ్ళు భేషుగ్గా ఉన్నాయన్నాను. మర్నాడు మళ్ళీ వచ్చాడు, మసకగా ఉందట. ఆ మర్నాడూ అంతే. "రావాలనుంటే ఊరికే రండి, పాపం కళ్ళ మీద నెపం పెట్టకండి" అన్నాను. కొన్నాళ్ళకి పెట్టేబేడా సర్దుకుని స్టూడియో మీది గదుల్లో చేరిపోయాను. అప్పటినుంచీ ఒకే కంచం, ఒకే మంచం. వాళ్ళ అక్కయ్య వచ్చినప్పుడు మాత్రం నేను పక్క గదిలో అద్దెకుండే ఆయన్ని.

మొదటి సినిమాలో ఒక అమ్మాయి కళ్ళద్దాలు తుడుస్తూ "ఊరికే రండి, పాపం కళ్ళ మీద నెపం పెట్టకండి" అంటుంది. జనం ఈలలు వేశారు. రెండోదాంట్లో నేను అలిగి అన్నం మానేసిన రోజు ఉన్నదున్నట్టు ఉంది. అలిగింది మాత్రం ఒక పొడుగు జడ పిల్ల. మూడోదాంట్లో నేను ఇద్దరు పిల్లల తల్లిని. హాల్లో అందరూ కళ్ళొత్తుకుంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

"నా మాటలు కావాలి, నా అలకలు కావాలి. నన్ను నన్నుగా చూపించడానికి నీకేం రోగం?" అని అడిగాను.

"జనం ఒప్పుకోవద్దూ?"

"జనమా, మీ అక్కయ్యా?"

కెమెరా లెన్సు తుడవడం మొదలెట్టాడు.

"ఈసారి కూడా నాకు చీర కట్టావంటే నా దారి నేను చూసుకుంటా" అని తేల్చి చెప్పాను. ఉత్తుత్తి బెదిరింపు కాదు, షాపు వెనక గదిలో మంచం కూడా వేయించాను. బెంబేలెత్తిపోయి, ఇద్దరూ మగాళ్ళేనని ఒట్టేశాడు. అలాగే తీశాడు కూడా.

మొదటి ఆటకి అక్కయ్యని పిలిచాడు. ఆవిడ మా ఇద్దరి మధ్యా కూర్చుంది. తెర మీద ఒక మగాడు కళ్ళద్దాలు తుడుస్తున్నాడు. ఇన్నాళ్ళకి దారికొచ్చాడు అనుకున్నాను, ఏడుపొచ్చినంత పనైంది. ఇంటర్వెల్ కూడా పడలేదు, ఆ మగాడు లారీ కింద పడి చచ్చాడు. మిగతా సినిమా అంతా రెండోవాడు కిటికీలోంచి వాన చూడడమే. బతికుండగా ఇద్దరూ ఒక్క పూట కలిసి తిన్నది లేదు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నది లేదు. పిరికి సన్నాసి, చీర వద్దంటే పాడె కట్టాడు.

లైట్లు వేశారు. అక్కయ్య ముక్కు తుడుచుకుంటూ, "ఆ పోయిన అబ్బాయి నిజంగా ఉన్నాడట్రా?" అని అడిగింది.

"లేదక్కా, ఉత్త కల్పన" అన్నాడు మహానుభావుడు, ఖాళీ తెరకేసి చూస్తూ.

ఇక నావల్ల కాలేదు.

"ఆ పోయినవాణ్ణి నేనేనండి అక్కయ్యగారూ" అన్నాను. "అద్దెకుండడం అబద్ధం. మీ తమ్ముడితో కాపురం చేస్తున్నాను, ఇన్నేళ్ళుగా."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది.

"మరి బతికున్న మనిషిని చంపడమెందుకురా?"