మా అమ్మ తలలో ఎరుపు

నా చిన్నప్పుడు, మా బాపు పోయిన ఏడు, మా అమ్మ తల ఎర్రగా ఉండేది. అమ్మకు పిన్న వయసులోనే జుట్టు నెరిసింది. ఎల్లారెడ్డిలో మా చిన్నమ్మ పెండ్లి కుదిరితే, తెల్లతలతో పోవుడేందని మైదాకు, అదే గోరింటాకు, రుబ్బి తలకు పెట్టుకున్నది. ఆ పెండ్లికి మేము పోనేలేదు. బాపుకు జ్వరమొచ్చింది. తాడ్వాయి నుంచి కామారెడ్డి దవాఖానకు తీసుకపోదామని బండి కట్టేలోపే ప్రాణం పోయింది.

దినాలు అయినయి. అమ్మ గాజులు తీసిండ్రు, బొట్టు తీసిండ్రు. తలలో ఎరుపు మాత్రం అట్లనే ఉన్నది. అమ్మ ఏడ్వలేదు. నేనూ ఏడ్వలేదు. పొయ్యి మీద అన్నం ఉడికే చప్పుడు, దొడ్లో బర్రె మెడలో గంట, అన్నీ పక్కూరి నుంచి వినిపిస్తున్నట్టు ఉండేది.

ఒకనాడు అమ్మ మొదటిసారి గడప దాటి, బిందె తీసుకొని బాయికి పోయింది. వెంట నేను పోయిన. వరుసకు మాకు పెద్దమ్మయ్యే ఒకామె అందరి ముందే అన్నది: “మొగడు పోయి నెల తిరగలే. తలకు ఈ సోకేందే?”

అమ్మ ఉత్త బిందెతోనే ఇంటికొచ్చి, మా నాయనమ్మతో, “అత్తా, కత్తెర తెచ్చి ఈ జుట్టంత కోసెయ్యి,” అన్నది. వంకాయలు కొయ్యమన్నంత మామూలుగా అన్నది.

“కోసుడెందుకు బిడ్డా? కూసో, ఎరుపు తీసి చూద్దాం.”

నాయనమ్మ నువ్వులనూనె వెచ్చజేసి అమ్మ తలకు బాగా పట్టించింది. పొద్దెక్కేదాకా ఉంచి, కుంకుడు పులుసుతో రుద్ది రుద్ది పోసింది. కొంత ఎరుపు దిగింది, కొంత దిగలేదు. అప్పుడు అత్తరు అమ్మే సాయబు దగ్గర జుట్టు నల్లజేసే నీలాకు పొడి తెప్పించి, గోరువెచ్చటి నీళ్ళల్లో కలిపి, పాయ పాయకు పూసింది. గిన్నె నేను పట్టుకున్న. పచ్చిగడ్డి వాసన వచ్చింది. అమ్మ మెడ ఎటు వంచితే అటే ఉన్నది, కొయ్యబొమ్మ తీరు.

కడిగినంక నీడలో జుట్టు నల్లగానే కనిపించింది. వాకిట్లోకి వస్తే మాత్రం ఎండకు పాపిట దగ్గర, కణతల దగ్గర ఎరుపు తేలింది.

“పోలేదా అత్తా?”

“ఇంక జరంత ఉన్నది.”

“అయితే నేనిగ బాయి కాడికి పోను,” అని అమ్మ లోపలికి పోయి పడుకున్నది.

నాయనమ్మ పెరట్లకు పోయి మైదాకు దూసుకొచ్చి, నన్ను కూసోబెట్టుకొని రుబ్బింది. ఆ ముద్ద తన తలకే పెట్టుమన్నది. నాయనమ్మది ముగ్గు బుట్టలాంటి తల. ఆమె కూడా మొగడు లేని మనిషే. తెల్లారి చూస్తే తల మోదుగుపువ్వు రంగు తిరిగింది.

“లే బిడ్డా, నీళ్ళకు పోదాం,” అని అమ్మను లేపి, తను ముందు నడిచింది. బాయి కాడ అందరూ నోళ్ళు తెరిచి చూసిండ్రు. పెద్దమ్మ ఉండబట్టలేక, “ఈ వయసుల నీకేమైందత్తా?” అన్నది.

“తలనొప్పి. చలువకు పెట్టుకున్న. మా కోడలు ఒక్కతే ఎందుకు మాటలు పడాలె? ఇగ అనేదేమన్న ఉంటే నన్ను అను.”

పెద్దమ్మ చేదతాడు చూసుకుంటూ నిలబడ్డది. అమ్మ బిందె నింపుకున్నది. తిరిగొచ్చే తొవ్వలో అమ్మ మెల్లగ అడిగింది, “అత్తా, తల ఇంకా నొస్తున్నదా?” అని. ఇద్దరూ అక్కడే ఆగిపోయిండ్రు. బాపు పోయినంక అమ్మ ఏడ్చుడు నేను చూసింది అప్పుడే. నాయనమ్మ కూడా ఏడ్చింది. చనిపోయింది ఆమె కొడుకన్న సంగతి నాకు ఆ తొవ్వలోనే తట్టింది.

ఇప్పుడు నేను నాయనమ్మ వయసు దాటిన. ఎవరింట్ల చావైనా ఓదార్పు మాటలు నాకు దొరకవు, వెతుక్కోను కూడా. దినాలైనంక ఆ ఇంటి ఆడమనిషి మొదటిసారి గడప దాటే పొద్దు ఎప్పుడో కనుక్కొని, ఆనాడు పోయి ఆమె ముందు నడుస్తా.