కొళాయి రాతి మీది ఆటవెలది

మా తెలుగు అయ్యవారు పోయి పది రోజులైందని మొన్న పాకాలలో రైలు దిగగానే తెలిసింది. ఏడుపు వచ్చింది. దాని వెంటే కోపమూ వచ్చింది, ఆయన పగ ఇంకా తీరలేదు కదా అని.

పాకాలకు దగ్గరే మా ఊరు. డెబ్భైల్లో మా ఊరి ప్రెసిడెంటు తన ఇంటి ఎదురుగా వీధికొళాయి వేయించి, రాతి మీద చెక్కించడానికి పద్యం కావాలని అయ్యవారిని అడిగాడు. ఆయన ఆటవెలది రాసిచ్చారు. రాయి నిలబెట్టాక చూస్తే, రాసింది తానేనని కింద ప్రెసిడెంటు పేరు! పద్యం లోపల కూడా తన పేరు దూర్చుకున్నాడు. అయ్యవారు వెళ్లి అడిగితే, "రాయి నాది, కూలి నేనిచ్చినా. నీదేముండాది అయ్యోరా ఈడ?" అన్నాడట, నలుగురి ముందర.

అయ్యవారు వెనక్కి తిరిగి నడిచారు. నడుస్తున్నా సరే, బొటనవేలితో కణుపుల మీద గణాలు లెక్కపెట్టుకునే మనిషి. ఏటా పదో తరగతికి ఛందస్సు మొదలయ్యే రోజున మమ్మల్ని వరుసగా ఆ రాతి దగ్గరికి నడిపించి, ఎండలో నిలబెట్టి గణాలు విడగొట్టించేవారు. ఆయన రాసిన రెండో పాదం "దాహమన్నవారి దప్పి దీర్చ". దాహ, మన్న, వారి, దప్పి, దీర్చ: అయిదూ సూర్యగణాలే. పాదం మొదట్లో ఉన్న 'దా'కు నాలుగో గణం మొదట్లో 'ద' జత. అదే యతి. ప్రెసిడెంటు ఆ 'దప్పి' తీసేసి తన పేరు చెక్కించాడు. గణం సరిపోయింది గానీ, 'ద' ఉండాల్సిన చోట 'మ' వచ్చి కూర్చుంది.

"నీళ్లడిగితే పేరు పోసినాడు, సూడండి," అనేవారు అయ్యవారు, ఎదురింటికి వినబడేట్టు. "ఏమైందో గట్టిగా సెప్పండి!"

"యతి తప్పింది!" అని అరిచేవాళ్లం. అందరికంటే నా గొంతే పెద్దది. నాకు పద్యం మీద ప్రేమ పుట్టింది ఆ కసిలోనే. ఇప్పుడు దాచుకోవడమెందుకు?

ఒకసారి ప్రెసిడెంటే తగ్గి, కొత్త రాయి వేయించి అయ్యవారి పేరే పెడతానని, పిల్లల్ని మాత్రం తేవద్దని కబురు పంపాడు. అయ్యవారు నవ్వి, "వద్దప్పా. తప్పు లేని పద్యాన్ని నిలబడి సదివేదెవరు? అదట్లే ఉండనీ," అన్నారు.

నిన్న కర్మ భోజనాల దగ్గర ప్రెసిడెంటు కొడుకు మళ్లీ ఆ మాటే ఎత్తాడు. అయ్యవారి గుర్తుగా కొత్త రాయి, పాతది తీసేస్తారట. "దాని మీద సెయ్యి పడిందా, ఊరుకునేది లేదు," అన్నాను. విస్తర్ల ముందు నుంచి లేచి, పది బ్యాచీల పాత విద్యార్థులం తిన్నగా కొళాయి దగ్గరికి పోయాం. ముసలి ప్రెసిడెంటు అరుగు మీద కుర్చీలో ఉన్నాడు. మేం చదవడం మొదలుపెట్టాం. మొదటి పాదం అయింది. రెండోది ఎత్తుకున్నాం. దాహ, మన్న, వారి...

మేం నాలుగో గణం దాకా రాకముందే ఆయన తల దించుకున్నాడు.