నది బొమ్మ మీద బొట్టు

మా చిన్నమ్మ కోమల పుదుచ్చేరిలో ఒక ఫ్రెంచి మదాం ఇంట్లో వంట చేసేది. మిల్లులో పనిచేసే మొగుడు పోయినప్పటి నుంచి ఆ ఇంటి పెరటి గదే ఆమెకు ఇల్లు. మదాం ముసలిది, ఒంటరిది. హాల్లో ఆమె పుట్టిన ఊరి బొమ్మ వేలాడేది. నది, ఒడ్డున ఇళ్లు, పడవలు. అద్దం బిగించని నూనెరంగుల బొమ్మ. దగ్గరికి పోతే అన్నీ రంగు మచ్చలే. నాలుగడుగులు వెనక్కి వస్తేగాని ఊరు కనబడదు.

"ఏంది ఈ బొమ్మ, పొగలో చూసినట్టుంది?" అని చిన్నమ్మ నవ్వేది. మదాం కళ్లకు శుక్లాలు వచ్చాక ఆ నవ్వు మానేసింది. "పాపం, ఆమెకి లోకమంతా ఇట్లే అగుపిస్తుందేమో రా" అనేది నాతో.

ఏటా ఆయుధపూజకు చిన్నమ్మ ఇల్లంతా కడిగి, కుట్టుమిషనుకీ ఫ్రిజ్జుకీ గంధం రాసి కుంకుమ బొట్టు పెట్టేది. మదాం మురిసిపోయి ఫొటోలు తీసేది, ఇంటికొచ్చిన దొరలకు చూపించేది.

పంతొమ్మిది వందల ఎనభై ఒకటిలో మదాం కంటి ఆపరేషనుకు ఫ్రాన్సు వెళ్లింది. పూజనాటికి తిరిగి రాలేదు. చిన్నమ్మ ఫ్రిజ్జుకు బొట్టు పెట్టి, ఆ చేత్తోనే బొమ్మ ముందుకు వచ్చింది. మదాం ఊరది, ఆమె ఇప్పుడున్నది ఆ దేశంలోనే. నది నడుమ నిండుగా గంధం అద్ది, కుంకుమ పెట్టి, మదాంకి చూపు రావాలని మొక్కుకుంది.

చూపు వచ్చింది. మదాం కారు దిగి హాల్లో అడుగుపెట్టగానే చూసింది ఆ బొట్టునే. గంధం ఎండి రంగును పట్టేసింది. గోటితో గీకితే నది పెచ్చులుగా ఊడింది. మీ కళ్లకోసమే పెట్టానమ్మా అని చిన్నమ్మ తమిళంలో మొత్తుకుంది. మదాం వినలేదు. సాయంత్రానికి గది ఖాళీ చేయించింది.

నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఫ్రిజ్జు మీద ముద్దొచ్చిన బొట్టు నది మీద పాపమైందా? అన్ని మచ్చలున్న బొమ్మలో మా మచ్చ ఒక్కటే పనికిరాలేదు.

తర్వాత చిన్నమ్మ సేదరపేట్‌లో ఒక ఫ్యాక్టరీ క్యాంటీనులో గిన్నెలు తోమే పనికి కుదిరింది. ఒకరోజు చూడబోయి, ఉండబట్టలేక అడిగాను.

"యాడా చోటు లేనట్టు ఆ బొమ్మకెందుకు పెట్టినావు చిన్నమ్మా?"

ఆమె తల ఎత్తలేదు. బూడిద చేత్తో గిన్నె రుద్దుతూనే ఉంది.

"నా మొక్కు ఫలించింది రా. కండ్లు రాకుంటే ఆమెకి ఆ బొట్టు అగుపించేదే కాదు. నేనూ ఆ ఇంట్లోనే ఉండేదాన్ని."