గీత కొట్టిన మొదటి వరుస

మంగళవారం పొద్దున ఏడింటికి చిలకలగూడ నుంచి ఫోన్ వచ్చింది. మా బావమరిది నిద్రలోనే పోయాడు. చెప్పింది అతని భార్య. "అన్నయ్యా, మీ బావమర్ది ఇగ లేడు" అని, ఇంకేమీ అనకుండా ఫోన్ మా తోడల్లుడి చేతికి ఇచ్చింది. ఫోన్ పెట్టేశాక నాకు మొదట గుర్తొచ్చింది ఇరవై ఏళ్ల కిందట అతను తప్పిన మాట. పోయినవాళ్ల గురించి ఇలా మొదలుపెట్టకూడదని తెలుసు. స్మృతి వ్యాసాలు చాలా చదివాను, ఉద్యోగంలో వందలకొద్దీ దిద్దాను. వాటిలో ఎవరూ ఎవరికీ ఏ అన్యాయమూ చేసి ఉండరు. నాకు అలా రాయడం రాదు, పాఠకులు మన్నించాలి.

నేను బోయిగూడలో ఒక అచ్చాఫీసులో ప్రూఫ్ రీడర్‌గా పనిచేశాను. కంప్యూటర్లు వచ్చాక యజమాని మమ్మల్ని పిలిచి, రెండు నెలల్లో తెర మీద దిద్దడం నేర్చుకున్నవాళ్లే ఉంటారని చెప్పాడు. అప్పటికే మా బావమరిది ప్యారడైజ్ దగ్గరి కంప్యూటర్ల బజారులో పేరున్న పనివాడు. విడిభాగాలు కొని తెస్తే బిగించి ఇచ్చేవాడు. మా ఆవిడ ముందు కూర్చుని, "ఎనిమిది ఆదివారాలు వస్త బావా. నీకు నేర్పియ్యకుంటే నేను అక్కకు తమ్మున్నే గాను" అన్నాడు. ఒక్క ఆదివారం వచ్చాడు. మౌస్ ఎలా పట్టుకోవాలో చూపించాడు. తర్వాత ఏదో కాలేజీ పని పెద్దది దొరికిందట. మిగిలిన ఏడు ఆదివారాలూ మా ఆవిడ ఉప్మా చేసి మూత పెట్టేది, నేను మెట్ల వైపు చూస్తూ కూర్చునేవాణ్ణి. యాభై నాలుగేళ్లకు నా ఉద్యోగం పోయింది. అప్పటినుంచి అతనితో మాట్లాడటం మానేశాను. ఆరేళ్ల కిందట మా ఆవిడ పోయినప్పుడు కూడా పాడెకు చెరో పక్క భుజం పట్టాం గానీ నోరు విప్పలేదు.

మమ్మల్ని మళ్లీ ఒక గదిలో కూర్చోబెట్టింది మా మనవరాలు. మా అమ్మాయి కూతురు. డిగ్రీ చదువు కోసం మల్కాజ్‌గిరిలో నా దగ్గర ఉండేది. ఐదుగురు జట్టుగా కలిసి కంప్యూటర్ మీద ఆడే తుపాకుల ఆట ఒకటి ఉంది. అందులో ఈ పిల్ల గట్టిదని నాకు ఆలస్యంగా తెలిసింది. ఇంటర్నెట్ సెంటర్‌లో అద్దె కంప్యూటర్ మీద ఆడి ఆడి, బెంగుళూరులోని ఒక జట్టు ఎంపికకు పిలుపు తెచ్చుకుంది. రెండు ఖాళీలున్నాయి. చేరితే నెలనెలా జీతం. కరీంనగర్‌లో ఉన్న మా అల్లుడు ఒకటే మాటన్నాడు: "ఈ ఒక్కసారి. కాకుంటే బంద్. ఇంటికొచ్చి బీఎడ్‌కు తయారవ్వాలె." ఎంపిక ఆటలకు సొంత కంప్యూటర్ ఉండాలన్నది నిబంధన. మా చేతిలో ఉన్నది చిన్న మొత్తం. ఆ పిల్ల నాకు చెప్పకుండా చిలకలగూడ వెళ్లి, వాళ్ల అమ్మమ్మ తమ్ముణ్ణి అడిగింది. అతను, "మీ తాతను సుత తోల్కరా. ఆయన లేకుండ నేను చిట్టీ రాయ" అన్నాడట.

వెళ్లాను. అతను నా వైపు చూడకుండా, ఇంట్లోకి "మూడు చాయ్" అని చెప్పి పిల్లకు ప్రశ్నలు వేశాడు. ఎంతలో కావాలని అడగలేదు.

"ఏ ఆట ఆడతవు? ఎంతసేపు?"

"ఐదు ఆటలుంటయ్ తాతా. నాలుగు గంటలు వరుసగ."

"ఎప్పుడు?"

"ఏప్రిల్‌ల. మధ్యాహ్నం రెండింటికి."

"ఏ గదిల? పైన రేకులా, స్లాబా? ఫ్యాన్ తిరుగుతదా, ఉన్ననా అంటే ఉన్న అన్నట్టుంటదా?"

పిల్ల నవ్వింది. నేను నవ్వలేదు. అతను పలక మీద రాసినంత శ్రద్ధగా కొనాల్సిన సామాను చిట్టీ రాశాడు. ఆ పని అందరూ చేసే పద్ధతి వేరు. ఆడేవాళ్లు ముందు గ్రాఫిక్స్ కార్డు ఎంచుకుంటారు, తెర మీద బొమ్మను పరుగెత్తించేది అదే గనుక. దానికి తగిన ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ చూసుకుని, చివరికి మిగిలిన చిల్లరతో పవర్ సప్లై కొంటారు. గోడలోని కరెంటును అందుకుని లోపలి భాగాలకు పంచే ఇనుప డబ్బా అది. బజారులో ఎస్‌ఎంపీఎస్ అంటారు. మా బావమరిది చిట్టీలో అది మొదటి వరుస. "కార్డు పాతది కొన్నా నడుస్తది, నేను చూసి ఇప్పిస్త. ఇవన్ని పెట్టే కేబినెట్ రేకుదైనా నడుస్తది. ఇదొక్కటి మాత్రం నేను రాసిందే తేవాలె" అని వేలితో రెండుసార్లు కొట్టి చెప్పాడు. ఆ వారంలో అతనికి కంటి శుక్లం ఆపరేషన్ ఉంది. "సామాను కొని పెట్టుర్రి. కట్టు ఇప్పినంక నేనే వస్త, బిగిస్త" అన్నాడు.

వస్త. ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

చిట్టీ పట్టుకుని బజారుకు నేను, పిల్ల వెళ్లాం. దుకాణదారు చిట్టీ చూడగానే నవ్వాడు.

"ఇది చిలకలగూడ సార్ రాసిన చిట్టీ గదా. మొదటి వరుస చూస్తెనే తెలుస్తది. మీకేమైతడు?"

"బావమరిది" అన్నాను. ఎలా అన్నానో నాకు తెలియదు. అతను నా మొహం కాసేపు చూశాడు. తర్వాత కౌంటర్ మీదికి వంగి, గొంతు తగ్గించాడు.

"మీరు పెద్దమనుషులు, చెప్పకుంటే పాపం. ఈ కంపెనీ ఎస్‌ఎంపీఎస్ మీద ఆయనకు కమిషన్ పోతది సార్. కేబినెట్‌తోని ఫ్రీగ వస్తనే ఉంటది గదా, మల్ల వేరేది ఎందుకు? ఆ పైసలకు అద్దం తలుపు, రంగురంగుల లైట్లున్న కేబినెట్ వస్తది. మావోడే ఇక్కడ్నే బిగించి ఇస్తడు, ఆయన కన్ను తెరిచేదాంక ఆగే పనిలేదు."

పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "తాతా, చిలకలగూడ తాత అది మార్చొద్దన్నడు."

"వాడి మాట సంగతి నాకు నీకంటే ముందు తెలుసు" అన్నాను.

జేబులోంచి ఎర్ర కలం తీసి మొదటి వరుస మీద గీత కొట్టాను. పక్కన చిన్న సున్నా చుట్టి తోక లాగాను. తీసేయమని చెప్పే ప్రూఫ్ రీడర్ల గుర్తు అది. ఇంట్లో కిరాణా చిట్టీల మీద కూడా నేను అదే పెట్టేవాణ్ణి. మా ఆవిడ దాన్ని తమ్ముడికి చూపించి, "మీ బావ పెసరపప్పుకు ఉరేసిండు చూడు" అని నవ్వేది. ఆ రోజు నాకు అవేవీ గుర్తు రాలేదు. ఇరవై ఏళ్ల తర్వాత అతను నా చేతికి చిక్కాడన్న సంతోషం ఒక్కటే ఉంది. దాన్ని సంతోషం అనడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

దుకాణంలోనే బిగించి ఇచ్చిన కంప్యూటర్ నాలుగు రోజులు బాగానే నడిచింది. సాయంత్రాలు పిల్ల గంటసేపు ఆడేది. ఎంపిక శనివారం నాడు పదకొండింటి నుంచే చేతులు సాగదీసుకోవడానికి ఆడటం మొదలుపెట్టింది. ఒంటిగంటా ఇరవైకి తెర నల్లబడింది. లైట్లు ఆరిపోయాయి. మళ్లీ నొక్కింది, వచ్చింది, ఐదు నిమిషాలకు మళ్లీ పోయింది. గదిలో ప్లాస్టిక్ కాలిన వాసన. పిల్ల ఏడవలేదు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి చిలకలగూడకు చేసింది.

"లోపల ఎస్‌ఎంపీఎస్ మీద ఏం అతికించుంది, చదువు బిడ్డా."

చదివింది.

"మెయిన్ ఆఫ్ చెయ్. దేన్నీ ముట్టకు. తలుపు తీసిపెట్టు, వస్తున్న."

ఒకటీ నలభై. ఒకటీ యాభై ఐదు. నేను బాల్కనీలో నిలబడి ఉన్నాను. అతను రాడని నాలో ఒక మనిషి గట్టిగా నమ్ముతున్నాడు. వస్తే ఏం మొహం పెట్టుకోవాలని ఇంకొకడు భయపడుతున్నాడు. రెండు గంటలైంది. లోపల పిల్ల ఫోన్‌లో జట్టువాళ్లను బతిమాలుతోంది. పది నిమిషాలు ఆగారు, తర్వాత మొదటి ఆట ఆమె లేకుండా మొదలైంది. ఆ ఆటకు ఆమెకు సున్నా.

రెండూ పన్నెండుకు ఆటో ఆగింది. నల్లద్దాలు పెట్టుకుని, చంకలో పాత తువ్వాలలో చుట్టిన డబ్బాతో, రైలింగు పట్టుకుని అతను మూడంతస్తులు ఎక్కి వచ్చాడు. తన కంప్యూటర్ విప్పి, అందులోని ఎస్‌ఎంపీఎస్ తీసి పట్టుకొచ్చాడు. పదిహేను రోజులు తల వంచొద్దని కంటి డాక్టర్ చెప్పి అప్పటికి వారమే అయింది.

ఏ బోర్డునైనా ముట్టుకునే ముందు అతను కిటికీ ఊచను ఒకసారి పట్టుకునేవాడు. ఒంట్లో ఉన్న కరెంటు పోవడానికట. ఆ రోజు కూడా పట్టుకున్నాడు. మరలు పెట్టడానికి సాసర్ అడిగాడు. నేల మీద కూర్చుని తల వంచాడు.

"లైటు ఇటు పట్టు బిడ్డా. ఏడువకు, నువ్వు ఏడిస్తే లైటు ఊగుతది."

"ఏడుస్తలేను తాతా."

"మంచిది. ఎవరు మార్చిన్రు ఇది?"

నేను నోరు తెరిచాను. అంతకన్నా ముందే పిల్ల అంది: "నేనే. లైట్ల కేబినెట్ కావాలని నేనే అన్న."

నేను నోరు మూసుకున్నాను. నా డెబ్బై నాలుగేళ్ల జీవితంలో ఇంత తేలిగ్గా చేసిన పని ఇంకొకటి లేదు.

అతను కార్డు వివరం చూడాలని బిల్లు అడిగాడు. బిల్లుకు చిట్టీ గుచ్చి ఉంది. నల్లద్దాలు పైకెత్తి, ఎర్రబడిన కన్నుతో ఎర్ర గీతను, దాని పక్కన తోక ఉన్న సున్నాను చూశాడు. ఆ గుర్తు ఎవరిదో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. చిట్టీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"రెండో ఆటకు ఎంతసేపుంది?"

"నాలుగు నిమిషాలు."

"చాలు. నొక్కు."

నడిచింది. మిగిలిన నాలుగు ఆటలూ అతను అద్దం తలుపు పెట్టనివ్వకుండా, కేబినెట్‌కు చెవి ఆనించి పక్కనే కూర్చున్నాడు. లోపలి ఫ్యాన్ చప్పుడు మారితే చాలు, టేబుల్ ఫ్యాన్‌ను దగ్గరకు జరపమని నాకు చెయ్యెత్తి చూపేవాడు. నేను జరిపాను. ఆ నాలుగు ఆటల్లో మా మధ్య జరిగిన సంభాషణ అంతే.

సోమవారం ఫలితం వచ్చింది. ఇద్దరిని తీసుకున్నారు, మా పిల్ల మూడోది. ఒక్క ఆట తక్కువ. మా అల్లుడు వచ్చి సామాను సర్దించాడు. "లైట్ల పిచ్చికి బతుకు పోగొట్టుకున్నది" అని నా ముందే అన్నాడు. పిల్ల తల దించుకుంది. నేను అప్పుడు కూడా మాట్లాడలేదు. ఇప్పుడు ఆమె కరీంనగర్‌లో బీఎడ్ పరీక్షకు చదువుతోంది. లైట్ల మాట ఆ ఇంట్లో ఇంకా వినబడుతూనే ఉందని మా అమ్మాయి చెబుతుంది. మా అల్లుడు ఈ పత్రిక చదువుతాడు. అందుకని ఇక్కడే చెబుతున్నాను: గీత కొట్టింది నేను. పిల్ల వద్దంది.

నెల తర్వాత కొత్త ఎస్‌ఎంపీఎస్ ఒకటి కొని, అతను మొదట రాసిన కంపెనీదే, చిలకలగూడ వెళ్లాను. అతని కంప్యూటర్ మూలన పొట్ట తెరుచుకుని ఉంది. "నాకెందుకు బావా, కన్నే సరిగ కనబడ్తలేదు" అన్నాడు. "ఆ చిట్టీ..." అని మొదలుపెట్టాను. "చాయ్ తాగు, చల్లారుతది" అన్నాడు. నేను తాగేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చాడు.

"అక్క ముంగట మాటిచ్చి తప్పిన బావా. దాని తర్వాత నువ్వు నా మాట నమ్మకపోతే అది నీ తప్పు గాదు."

దానికి జవాబు చెప్పి ఉండాల్సింది. మెట్లు దిగుతూ రెండు మూడు జవాబులు తయారు చేసుకున్నాను, వచ్చేవారం వచ్చి చెబుదామనుకున్నాను. వెళ్లలేదు. మంగళవారం ఫోన్ వచ్చింది.

దినాల రోజు ఇంటి ముందు టెంటు వేశారు. అతను బిగించి ఇచ్చిన కంప్యూటర్ల మీద చదువుకున్నవాళ్లు, ఆడుకున్నవాళ్లు చాలామంది వచ్చారు. బజారు దుకాణదారు కూడా వచ్చాడు. పెద్ద దండ తెచ్చి ఫొటోకు వేశాడు. "ఈయన చిట్టీ రాస్తే కండ్లు మూసుకుని కొనొచ్చు. ఇన్నేండ్లల్ల మా దుకాణంల చాయ్ సుత తాగలే" అని అందరికీ చెబుతున్నాడు. నేను అతన్ని పక్కకు తీసుకెళ్లాను.

"మరి కమిషన్ అన్నావు కదా?"

"ఏ కమిషన్ సార్?" గుర్తు తెచ్చుకున్నాడు. "అగో, అదా. ఆయన రాసిన మాలు ఆ రోజు మా దగ్గర లేకుండె. మీరు పక్క దుకాణానికి పోతరని అన్న. ధందాల ఏదో ఒకటి అంటం సార్."

"నేను ఎందుకు నమ్ముతాననుకున్నావు?"

అతను కాస్త తప్పుచేసినవాడిలానే చూశాడు. "బావమరిది అన్నప్పుడు మీ మొహం చూసిన గదా. ఏం చెప్పినా నమ్మేటట్టే ఉండె."

వడ్డించేవాళ్లు పిలిచారు. అతను వెళ్లి పంక్తిలో కూర్చుని, విస్తరి మీద నీళ్లు చల్లి, అరచేత్తో నెమ్మదిగా తుడుచుకున్నాడు. మాట తప్పిన మా బావమరిదిని నేను ఆ టెంటు కిందే క్షమించాను. గీత కొట్టిన నన్ను నేను ఏం చేసుకోవాలో మా మనవరాలు చెబుతుంది. నా మొహంలో ఇరవై ఏళ్ల కోపాన్ని చదివి, దానికి సరిపడా అబద్ధం కొలిచి ఇచ్చిన ఆ మనిషిని మాత్రం క్షమించలేను. అతని పేరు యాదగిరి.